గుమ్మానికి కట్టిన కలబంద

వనపర్తిలో మా ఇంటి గుమ్మం మీద ఒక కలబంద వేలాడుతోంది. కిందటి దసరాకు అవ్వ కట్టించింది. ఇంటికి దిష్టి తగలదని ఆమె నమ్మకం. వేళ్లు పైకి, ఆకులు కిందికి, నడుముకు ఒక నల్లదారం. మట్టి లేదు, చుక్క నీళ్లు లేవు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. ఉగాది నాడు మామిడాకులు కట్టడానికి స్టూలెక్కితే ఆ మొక్క సరిగ్గా నా కళ్లెదుటికి వచ్చింది. తలకిందులుగా కట్టినా మొన తిప్పుకుని వెలుతురు వైపు పైకి లేచింది. నడిమి ఆకులు మూడు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. బయటి వరస ఆకులు మాత్రం మొన నుంచి ఎండుకుంటూ వచ్చాయి. వాటిలో ఒకదాన్ని బొటనవేలితో నొక్కి చూశాను. కండ లేదు, రెండు పొరలు అతుక్కుపోయి పాత తోలులా తగిలింది. నడిమి ఆకు నొక్కితే వేలికి ఎదురు తిరిగింది.

ముసలి ఆకుల్లోని నీళ్లు లేత ఆకులకు చేరాయి. ఆర్నెల్లపాటు ఆ మొక్క ఇంట్లో దాచుకున్న గింజలతో కరువు దాటే రైతులా, ఒక్కో గాదె ఖాళీ చేసుకుంటూ నడిమి మొలకను కాపాడుకుంది.

చిన్నతనంలో నేను పెరట్లోని కలబందకు రోజూ చెంబెడు నీళ్లు పోసేవాణ్ని. అవ్వ చూసి, "రోజూ పోస్తే సస్తది బిడ్డా. దాన్ని మరిసిపోవాలె, అప్పుడే బతుకుతది" అనేది. ఆ మాట వెనుక ఎంత జీవరసాయన శాస్త్రం ఉందో నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత. ఈ మొక్కల శాస్త్రం మొదటి పుటల్లో మన తెలుగు నేల మీద తిరిగిన ఇద్దరు మనుషులు ఉన్నారనీ, ఒక తెలుగు మాట కూడా ఉందనీ తెలిసినప్పుడు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

ముందు కలబంద ఆకును అడ్డంగా కోసి చూడండి. పైన పలచటి ఆకుపచ్చ తోలు. దాని మీద మైనం లాంటి పూత, గోటితో గీరితే తెల్లగా వస్తుంది. తోలు కిందే పసుపుపచ్చని చేదు రసం కారుతుంది. దాన్ని ఎండబెడితేనే పచారీ కొట్లో దొరికే ముసాంబరం. లోపలిదంతా గాజులా నిగనిగలాడే గుజ్జు, అదే నీళ్ల తొట్టి. నీటిని ఈ బంక గట్టిగా పట్టి ఉంచుతుంది, ఊరికే వదలదు. అయితే తొట్టి ఎంత పెద్దదైనా మూత సరిగ్గా లేకపోతే పాలమూరు ఎండకు నిలుస్తుందా? అసలు నేర్పంతా మూతలోనే ఉంది.

ప్రతి ఆకుకూ సన్నటి రంధ్రాలుంటాయి. వాటి గుండా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్తుంది, దాంతోనే ఆకు తన తిండి వండుకుంటుంది. కానీ తలుపు తెరిస్తే వచ్చేది రావడమే కాదు, పోయేదీ పోతుంది. లోపలి నీరు ఆవిరై బయటికి వెళ్తుంది. వరి ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ పట్టుకోవడానికి సుమారు 400 నుంచి 500 గ్రాముల నీళ్లు పోగొట్టుకుంటుంది. మన జొన్న, మొక్కజొన్న ఇంకొంచెం పొదుపు, 250 నుంచి 300. కలబంద కోవకు చెందిన మొక్కలకు 50 నుంచి 100 గ్రాములు చాలు. ఎలాగంటే, అవి పగలు తలుపులు మూసుకుని పొద్దుగూకాక తెరుస్తాయి. రాత్రి గాలి చల్లగా, కాస్త తేమగా ఉంటుంది కాబట్టి ఆవిరయ్యేది తక్కువ.

చిక్కేమిటంటే రాత్రి వెలుతురు ఉండదు, వెలుతురు లేనిదే వంట సాగదు. అందుకని రాత్రి పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మొక్క మాలిక్ ఆమ్లంగా మార్చి, కణాల్లోని సంచుల్లో దాస్తుంది. పొద్దు పొడిచాక తలుపులు మూసి, ఆ ఆమ్లాన్ని విడగొట్టి, మూసిన ఇంట్లోనే వంట చేసుకుంటుంది. మాలిక్ ఆమ్లం మనకు కొత్తది కాదు. అలంపురం వైపు రేగడి చేలల్లో తెల్లవారుజామున శనగ మొక్కల మధ్య నడిస్తే కాళ్లకు పుల్లటి తడి అంటుకుంటుంది. శనగాకు పులుపులో ఎక్కువ పాలు ఈ ఆమ్లానిదే.

ఈ సంగతి నాలుక మీద పరీక్షించుకోవడానికి మంచి మొక్క రణపాల. ఆకు మట్టిలో పడేస్తే అంచుల నుంచి పిల్లలు పుట్టే మొక్క, దాదాపు ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరి పెరట్లో ఉంటుంది. తెల్లవారగానే, ఇంకా ఎండ పడకముందు, ఒక ఆకు ముక్క కొరికి చూసి ఉమ్మేయండి. చింతచిగురులా పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నం అదే మొక్క నుంచి ఇంకో ముక్క తీసుకోండి, చప్పగా ఉంటుంది. సాయంత్రానికి కొంచెం చేదు. రాత్రంతా చేరిన ఆమ్లం పగలంతా ఖర్చయిపోయిందని నాలుకే చెబుతుంది. ఈ మొక్కలో గుండెకు పడని పదార్థాలు ఉన్నాయి కనుక మింగవద్దు, పిల్లలతో చేయిస్తుంటే పక్కనే ఉండండి.

ఈ రుచి తేడాను మొదట కాగితం మీద పెట్టినవాడు బెంజమిన్ హేన్ అనే జర్మన్ వైద్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న హేన్, 1793 తర్వాత కాకినాడ దగ్గరి సామర్లకోటలోని కంపెనీ తోటను చూసుకున్నాడు. 1813లో లండన్ లినేయన్ సొసైటీ ఉపాధ్యక్షుడు లాంబర్ట్‌కు రాసిన ఉత్తరంలో, రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నం రుచి లేకుండా, సాయంత్రం కొంచెం చేదుగా ఉందని చెప్పాడు. అది 1815లో అచ్చయింది. యంత్రం లేదు, రసాయనం లేదు, నాలుక ఒక్కటే పనిముట్టు. ఈ పద్ధతి మొత్తానికి శాస్త్రజ్ఞులు పేరు పెట్టింది ఇరవయ్యో శతాబ్దంలో, రణపాల కుటుంబమైన క్రాసులేసీ పేరు మీద. హేన్ ఆకు కొరికిన వందేళ్లకు పైబడి గాని అతని నాలుకకు తెలిసినదానికి పూర్తి వివరణ రాలేదు.

గుమ్మానికి కట్టిన కలబంద సంగతి ఇంకా ముందుకు పోతుంది. నీళ్లు మరీ కరువైతే ఇలాంటి మొక్కలు రాత్రి కూడా తలుపు తెరవడం మానేస్తాయి. తమ ఊపిరిలో బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ పట్టుకుని, రాత్రి ఆమ్లం చేసి, పగలు విడగొట్టి, అదే సరుకును తిప్పి తిప్పి వాడుకుంటాయి. పెరుగుదల ఉండదు, చావూ ఉండదు. పొయ్యి ఆరిపోకుండా బూడిద కింద నిప్పు దాచినట్టు ఉంటాయి. వేళ్లకు మట్టి తగిలి నాలుగు చినుకులు పడ్డాయంటే కొద్ది రోజుల్లోనే కొత్త వేళ్లు దిగుతాయి.

ఇక్కడే పెరటి తోట వేసుకునేవాళ్లకు పనికొచ్చే అసలు విషయం ఉంది. ఈ మొక్కల వ్యాపారమంతా రాత్రి పూట కదా. మరి రాత్రి కూడా వేడిగా ఉంటే? గద్వాలలో మే నెల రాత్రి పదకొండు గంటలకు బండరాయి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటుంది. కొండప్రాంతాల నుంచి వచ్చే రసమొక్కలకు పగటి ఎండ కన్నా ఈ రాత్రి వేడే యమపాశం. గులాబీ పువ్వులా రేకులు పరుచుకునే ఎచివేరియాలు, చిన్న చిన్న సీడమ్‌లు, చల్లటి దేశాల రాళ్ల మీద పెరిగే సెంపర్వైవమ్‌లు చూడటానికి ముద్దొస్తాయి. నేనూ హైదరాబాదులో ఒక నర్సరీ నుంచి పన్నెండు తెచ్చాను. ఎంత ఎండకైనా తట్టుకుంటాయని చెప్పి అమ్మారు. ఏప్రిల్ దాకా బాగున్నాయి. మేలో ఒక్కొక్కటే రంగు మారి మెత్తబడ్డాయి. మిగిలిన నాలుగూ ఆగస్టు ముసురుకు కుళ్లిపోయాయి. కుళ్లిన కాండాన్ని వేళ్ల మధ్య పట్టుకుంటే గోధుమరంగు నీళ్లు కారాయి, అడుగు నుంచి పులిసిన వాసన. ఆ రోజు చాలా బాధపడ్డాను, వాటికి నేను చేసింది అన్యాయమనిపించింది. చలి దేశాల్లో గట్టి మొక్క అంటే మంచును తట్టుకునేది. పాలమూరులో గట్టి మొక్క అంటే వేడి రాత్రినీ, ఆ వెంటనే వచ్చే నాలుగు రోజుల ముసురునూ రెండింటినీ తట్టుకునేది. ఆ రెండు పరీక్షల్లో నెగ్గినవి మన గుట్టల మీద వేల ఏళ్లుగా నిలబడి ఉన్నాయి, వాటిని కొనాల్సిన పని కూడా లేదు.

ఖిల్లా ఘనపూర్ దారిలో గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టున్న గుట్టలు చూడండి. గట్టు మండలంలో ఎర్ర చెల్కల మధ్య లేచిన పరుపుబండలు చూడండి. నాగర్‌కర్నూల్ దాటి అచ్చంపేట మీదుగా అమ్రాబాద్ ఘాటెక్కుతుంటే రాయి రంగే మారిపోతుంది, నల్లమల పలకరాళ్లు మొదలవుతాయి. ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిసే వాన, అదీ నాలుగు నెలల్లో కుమ్మరించి పోయేది, ఈ బండల మీద గంటసేపైనా నిలవదు. అలాంటి చోట నేల పట్టింది జెముడు.

జెముడును చాలామంది కాక్టస్ అంటారు. అది కాదు. కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం అమెరికా ఖండాలది. మనకు కాక్టస్ అంటే నాగజెముడు ఒక్కటే బాగా తెలుసు, అదీ పోర్చుగీసు ఓడల కాలం తర్వాత వచ్చిందే. బొమ్మజెముడు, ఆకుజెముడు మాత్రం మన నేల మొక్కలు, ఆముదం కుటుంబానికి చెందినవి. కాండం మీద చిన్న గీత గీస్తే చాలు, తెల్లటి పాలు బొట్లు బొట్లుగా ఉబుకుతాయి. నాగజెముడుకు అలా ఉబకవు. సముద్రాలకు అటొకటి ఇటొకటి పుట్టి, ఒకే కరువును ఎదుర్కొని, ఒకే రూపానికి వచ్చిన రెండు కుటుంబాలివి. ఆకులు వదిలేసి, కాండాన్నే పచ్చగా ఉబ్బించుకుని, ముళ్లు పెట్టుకున్నాయి. చేప, తిమింగలం రెండూ నీళ్లలో ఉండి ఉండి ఒకే తీరుగా తయారైనట్టు.

జెముడు పాలతో జాగ్రత్త. కంట్లో పడితే మంట కాదు, చూపుకే ముప్పు. కొమ్మ నరికేటప్పుడు అద్దాలు పెట్టుకోవాలి, పొరపాటున చుక్క పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోసి కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నాగజెముడుది వేరే కథ. కోచినీల్ అనే పురుగు నుంచి ఎర్రరంగు తీయొచ్చని, ఆ పురుగుకు మేతగా నాగజెముడును పెంచాలని కంపెనీ వాళ్లు మద్రాసు వైపు పద్దెనిమిదో శతాబ్దం చివర తెగ ప్రయత్నించారు. 1795లో బ్రెజిల్ నుంచి తెప్పించిన పురుగు తీరా చూస్తే అసలు రంగు పురుగు కాదు, దాని దగ్గరి చుట్టం. ఆశించిన రంగు రాలేదు గాని ఆ పురుగు ఒక రకం నాగజెముడును ఊళ్లకు ఊళ్లు తినేసింది. పంటకు పగవాడైన మొక్కను పురుగుతో అణచడంలో ప్రపంచంలో తొలి పాఠాల్లో ఇదొకటి. మిగిలిన రకం కోసం 1926లో మరో జాతి పురుగును తెచ్చారు. ఇప్పటికీ పాత కంచెల్లో నాగజెముడు అట్టల మీద తెల్లటి దూదిపింజలు కనిపిస్తే, పుల్లతో ఒకదాన్ని చిదిమి చూడండి. ముదురు ఎర్ర రంగు పుల్లకు అంటుకుంటుంది.

నల్లేరు గురించి కొత్తగా ఏం చెప్పను! బండి చక్రం కింద చప్పుడు లేకుండా నలిగిపోయే ఆ తీగ మీదే నల్లేరు మీద బండి నడక అనే సామెత పుట్టింది. నాలుగు పలకల కాండం, కణుపు కణుపుకూ ఒక ఆకు. విచిత్రమేమంటే దీని ఆకు మామూలు మొక్కలా పగలు పనిచేస్తుంది, కాండం కలబందలా రాత్రి పనిచేస్తుంది. వానలున్నన్నాళ్లు ఆకులతో, ఎండలు రాగానే ఆకులు రాల్చి కాండంతో. పచ్చడికి లేత కణుపులే తెంపాలి, చేతికి నూనె రాసుకోవాలి. సూదుల్లాంటి ఆక్సలేట్ పలుకులు చర్మంలో గుచ్చుకుని దురద పెడతాయి.

పప్పులో వేసుకునే గంగవాయిలి కూర కూడా ఈ బళ్లోదే. నీళ్లున్నప్పుడు జొన్నలా చురుగ్గా పెరుగుతుంది, కరువొస్తే కలబంద పద్ధతికి మారుతుంది. ఆ రెండు పద్ధతులనూ ఒకే కణంలో నడుపుతుందని 2022లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తేల్చారు. అంతటి మొక్కను మనం కలుపు అని పీకి గట్టు మీద పారేస్తాం, అక్కడ కూడా అది వారం రోజులు పూలు పూస్తూ గింజలు రాలుస్తుంది.

ఇక ఎక్కువసేపు చెప్పాలనుకున్న మొక్క దగ్గరికి వస్తున్నాను.

తంగేడు పొదో బలుసు పొదో ఉన్న చోట, బండ పగులులో దుమ్ము చేరిన చోట, కూర్చుని కొమ్మలు పక్కకు తీసి చూడాలి. నిలబడి చూస్తే కనబడదు. వేలి లావున, నాలుగు పలకలుగా, బూడిద కలిసిన పచ్చ రంగులో ఒక కాడ లేచి ఉంటుంది. ఆకులు లేవు. ఎండాకాలమైతే ఎర్రబారి, ముడతలు పడి, చచ్చిన పుల్లలా ఉంటుంది. విరిస్తే పాలు రావు, నీళ్లలాంటి రసం వస్తుంది. జెముడుకూ దీనికీ ఉన్న తేడా అదే, గొర్రెల కాపరి పిల్లలు కూడా అలాగే గుర్తుపడతారు. ఇదే కారల్లం. దీని అక్కచెల్లెళ్లలో కాస్త లావుగా, కాడ చివర పూలన్నీ బంతిలా గుత్తిగా పూసేదాన్ని కుందేటి కొమ్ములు అంటారు.

సామర్లకోటలో హేన్ కన్నా ముందు కంపెనీ తోటను చూసుకున్నవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లాండ్ నుంచి వచ్చిన కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793 దాకా అక్కడే ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను ఒక్కొక్కటే చూసి రాసుకుని, ఇక్కడి చిత్రకారుల చేతనే బొమ్మలు గీయించాడు. ఆ పుస్తకం మొదటి సంపుటి 1795లో లండన్‌లో వెలువడింది. ప్రతి మొక్క దగ్గర తెలుగువాళ్లు ఏమంటారో అడిగి రాసుకోవడం అతని అలవాటు. ఈ కాడ దగ్గర కారల్లం అని రాశాడు, ఇక్కడి జనం దీన్ని పచ్చిగానే తింటారని కూడా రాశాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే మహా వృక్షశాస్త్రవేత్త ఈ మొక్కల కోసం కొత్త ప్రజాతి ఏర్పాటు చేయాల్సి వచ్చి, లాటిన్ వైపో గ్రీకు వైపో పోకుండా రాక్స్‌బర్గ్ రాసుకున్న తెలుగు మాటనే తీసుకున్నాడు. అలా కారల్లుమా ప్రపంచ వృక్షశాస్త్రంలోకి వెళ్లింది. ఆఫ్రికాలో, అరేబియాలో పెరిగే దాని చుట్టాల్లో ఎన్నింటికో ఏ పొలం గట్టు మీదో ఏ తెలుగు మనిషో రాక్స్‌బర్గ్‌కు చెప్పిన ఆ మాటే పేరయింది. ఆ మనిషి పేరు ఎవరూ రాసుకోలేదు. 2017లో కొందరు శాస్త్రజ్ఞులు ఈ గుంపును మొత్తం సెరోపీజియా అనే మరో ప్రజాతిలో కలిపేయాలని ప్రతిపాదించారు. జన్యువుల లెక్కన వాళ్ల వాదనకు బలం ఉంది. అయినా ఆ తెలుగు మాట పుస్తకాల్లోంచి పోకూడదని నాకు గట్టిగా ఉంది.

కారల్లం కొంచెం చేదుగా, ఉప్పగా ఉంటుంది. ఆకలి చంపుతుందని గుట్టల్లో తిరిగేవాళ్లు నములుతారు. 2007లో బెంగళూరులో యాభై మంది పెద్దవాళ్ల మీద అరవై రోజులు దీని సారాన్ని పరీక్షించి చూశారు. ఆకలి, నడుము చుట్టుకొలత తగ్గాయి గాని, బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బరువు తగ్గించే మాత్రల కంపెనీలు దీని వెంట పడ్డాయి. మాత్రల కోసం గుట్టల మీది కాడలు వేళ్లతో సహా పీకించడం మొదలైతే మిగిలేది బండే.

పువ్వు దగ్గరికి వెళ్తే ముక్కు మూసుకోవాల్సిందే. కుందేటి కొమ్ముల గుత్తి వానాకాలంలో విచ్చుకుంటుంది. అయిదు రేకుల చుక్కలు, లేత పసుపు మీద ముదురు ఊదా చారలు, కుళ్లిన మాంసం వాసన. తేనెటీగల్ని కాదు, ఈగల్ని పిలుస్తోంది. ఈగ వచ్చి వాలి, పువ్వు నడుమ ఉన్న సన్నటి గాడిలో కాలు పెట్టి, లాగేటప్పుడు పుప్పొడి సంచుల జతను కాలికి తగిలించుకుని పోతుంది. జిల్లేడు పువ్వులోనూ ఇదే ఏర్పాటు, రెండూ ఒకే కుటుంబం. తర్వాత కాయలు జంటగా, కొమ్ముల్లా పైకి లేస్తాయి. పగిలితే జిల్లేడు గింజల్లాగే తెల్లటి పట్టుకుచ్చులతో గింజలు గాలికి ఎగిరిపోతాయి.

ఇప్పుడు పెరట్లోకి వద్దాం.

గద్వాల నడిగడ్డలో కొంత రేగడి, కొంత చెల్క. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య పడిన ఆ నేలలో, అలంపురం వైపు ఇల్లున్నవాళ్లకు ఈ మొక్కలు నేల మీద నేరుగా పెట్టే వీలు లేదు. రేగడి ఒకసారి నీళ్లు తాగితే వారాల తరబడి వదలదు, ఎండితే నెర్రెలిచ్చి వేళ్లు తెంపుతుంది. అలాంటి చోట మోకాలెత్తు దిబ్బ వేయాలి. అడుగున పగిలిన ఇటుకలు, కంకర, దాని మీద మొరం, పైన ఎర్రమట్టి, వాగు ఇసుక సమంగా కలిపి పోయాలి. ఇసుక సన్నటిదైతే మట్టితో కలిసి సిమెంటులా గట్టిపడుతుంది, పలుకులున్న ముతక ఇసుకే కావాలి, జల్లెడ పట్టి దుమ్ము వదిలించాలి. బాగా మాగిన పశువుల ఎరువు పదింట ఒక వంతు చాలు. ఎక్కువ వేస్తే కాడలు ఊబకాయంలా ఉబ్బి, తోలు పలచబడి, మొదటి ముసురుకే చీలిపోతాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ చెల్కల్లో ఇంత పని ఉండదు, వాలు చూసుకుని పెడితే సరిపోతుంది. దిబ్బ సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే చెంబెడు నీళ్లు ఒక్కచోట పోయండి. మడుగు కట్టకుండా చూస్తుండగానే ఇంకిపోవాలి.

కొమ్మ నాటడంలో అందరూ చేసే తప్పు తొందర. నరికిన కొమ్మ వెంటనే మట్టిలో పెడితే, పచ్చి గాయంలోకి బూజు చేరి కుళ్లుతుంది. కారల్లం కాడనైతే కణుపు దగ్గర విరిచి, నీడలో వారం రోజులు వదిలేయాలి. గాయం మీద పొలుసు కట్టి, గోటితో తడితే టక్‌మని చప్పుడు రావాలి. జెముడు కొమ్మకు పాలు ఆగేదాకా నీళ్లతో కడిగి, పది పదిహేను రోజులు ఆరబెట్టాలి. కారల్లాన్ని నిలువునా పాతవద్దు. మట్టి మీద అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా పక్కన నాలుగు గులకరాళ్లు పెడితే, నేలకు తగిలిన వైపు నుంచి తెల్లటి వేళ్లు దిగుతాయి. మృగశిర కార్తెకు కొంచెం ముందు ఈ పని చేస్తే తొలకరి వాన మిగతాది చూసుకుంటుంది.

కారల్లానికి పూర్తి ఎండ పెట్టవద్దు, ఇది నేను రెండు సంవత్సరాలు పొరపడి నేర్చుకున్నది. గుట్ట మీద అది ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. పొద నీడ దాన్ని ఎండ నుంచి, పొద కొమ్మలు దాన్ని మేకల నుంచి కాపాడతాయి. కాబట్టి పెరట్లో కూడా ముందు ఒక తంగేడు మొక్క పెట్టి, దాని మొదట్లో కారల్లం పెట్టండి. జెముడుకు ఆ బాధ లేదు, ఎంత ఎండ ఉంటే అంత గట్టిపడుతుంది. ఏ మొక్కైనా నర్సరీ పచ్చ వలల కింద పెరిగినదైతే, తెచ్చిన రోజే మిద్దె మీద నడి ఎండలో పెడితే తోలు కాలి తెల్లటి మచ్చలు పడతాయి, అవి మళ్లీ మానవు. మొదట పొద్దుటి ఎండ, పదిహేను రోజులకు మధ్యాహ్నపు ఎండ.

నీళ్ల లెక్క వేలితో చూసుకోవాలి, క్యాలెండరుతో కాదు. మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించితే పొడిగా తగిలినప్పుడే పోయాలి. నడి ఎండాకాలంలో దిబ్బ మీది మొక్కలకు పది పదిహేను రోజులకోసారి, సాయంత్రం పూట, మొదట్లో. కుండీలకైతే వారానికోసారి. వానాకాలంలో అసలు వద్దు. చలికాలంలో నెలకోసారి కూడా ఎక్కువే. నీళ్లు కావాలంటే మొక్కే చెబుతుంది, కలబంద ఆకు అంచులు లోపలికి ముడుచుకుంటాయి, కారల్లం పలకలు లోతుగా గుంటలు పడతాయి. ఆ గుర్తులు చూసి పోసినా మొక్క పోదు. ఎక్కువ నీళ్ల గుర్తులు కనబడేసరికి మాత్రం లోపల వేళ్లు అయిపోయి ఉంటాయి. అప్పటికీ పైన గట్టిగా ఉన్న భాగం కోసి, లోపల మచ్చ లేని చోటు దాకా తగ్గించి, ఆరబెట్టి మళ్లీ నాటితే చాలాసార్లు బతుకుతుంది.

పిండినల్లి ఒక్కటే పెద్ద శత్రువు. కణుపుల సందుల్లో తెల్లటి దూదిలా మొదలవుతుంది. చీమలు బారుగా పైకి ఎక్కుతుంటే అనుమానించాలి, అవి ఆ పురుగు విసర్జించే తీపి కోసం వస్తాయి. ముందుగానే పట్టుకుంటే పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్లు పెట్టి తోమేస్తే పోతుంది. మొక్క బాగానే ఉన్నట్టుండి కారణం లేకుండా వాడిపోతుంటే కుండీలోంచి తీసి చూడండి, వేళ్లకే పట్టి ఉంటుంది. వేళ్లన్నీ కడిగి, పాడైనవి కత్తిరించి, ఆరబెట్టి, కొత్త మట్టిలో పెట్టాలి.

మొక్క ఎక్కడిది అని అడిగేవాళ్లకు ఒక మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి ఒక్క పుల్ల కూడా తీసుకురావద్దు, అది నేరం. ఊరి గుట్ట మీద కనబడినా మొత్తం పీకవద్దు, పది కాడలున్న చోట ఒక కాడ విరుచుకుంటే ఆ మొక్కకు ఏమీ కాదు. ఇంకా మంచి దారి, ఎవరైనా పాత జెముడు కంచె తీసేసి ముళ్లతీగ వేస్తుంటే అక్కడికి వెళ్లడం. కంచె మొదట్లో తరతరాల చెత్త మట్టి, దాన్ని పట్టుకుని నల్లేరు, నీడలో చాగనార మొక్క, అప్పుడప్పుడు కారల్లం కూడా ఉంటాయి. తొండలకు, ముంగిసలకు, పిట్ట గూళ్లకు అదే ఇల్లు. జేసీబీ ఒక్క పూటలో దాన్ని ఊడ్చేస్తుంది. మా దగ్గర పోయినేడు అలాంటి కంచె తీస్తుంటే రైతును అడిగి సంచెడు ముక్కలు తెచ్చుకున్నాను. "ఏం జేస్తవు సారూ ఇవి? పైసలిచ్చి పూలమొక్కలు దెచ్చుకోరాదా" అన్నాడు ఆయన. కూర్చుని కారల్లం చూపించి, ఇది ప్రపంచమంతటికీ మన మాటతోనే తెలుసని చెప్పాను. కాడ చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూసి, చిన్నప్పుడు గొర్ల వెంట పోయినప్పుడు తినేవాళ్లమని చెప్పి, విరిచి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు, ఒక ముక్క నాకిచ్చాడు.

ఆ సంచిలోని కారల్లం, కుందేటి కొమ్ముల కాడలే ఇప్పుడు మా తంగేడు మొదట్లో ఉన్నాయి. ఈ ఆగస్టులో, నాలుగు రోజుల ముసురు తర్వాత, కుందేటి కొమ్ముల చివర మొదటి గుత్తి విచ్చింది. వాసనకు మా ఆవిడ వంటింటి కిటికీ మూసింది. నేను కింద చాప వేసుకుని కూర్చున్నాను. పచ్చని పెద్ద ఈగ ఒకటి వచ్చి పువ్వు నడుమ వాలింది, ముందుకాలు గాడిలో ఇరుక్కుని రెండు మూడుసార్లు గుంజుకుంది, వదిలించుకుని ఎగిరేటప్పుడు ఆ కాలికి ఆవగింజలో పదోవంతైనా లేని రెండు పసుపు చుక్కలు వేలాడుతున్నాయి.